తడి రంగు మీద చెయ్యి

ముప్ఫై ఏళ్ళుగా నిచ్చెనలెక్కుతున్న మనిషిని నేను. మూడంతస్తుల గోడల మీద, గాలికి కిర్రుమనే పరంజాల మీద నిలబడి రంగులు వేశాను. ఏనాడూ కాలు జారలేదు. చివరికి పడింది ఎక్కడి నుంచయ్యా అంటే, రెండో మెట్టు మీద నుంచి. నేలకి రెండడుగుల ఎత్తు కూడా ఉండదు. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. పడేదాన్ని ఏ మూడో అంతస్తు నుంచో పడి ఉంటే నలుగురిలో చెప్పుకోవడానికైనా బాగుండేది.

పడటానికి కారణం నా నోరు. మా జట్టులో ద్వారబంధాలకి తల తగిలించుకునేంత ఎత్తు మనిషి ఒకడున్నాడు. వాణ్ణి అందరం పొడుగు అనే పిలుస్తాం. ఆ రోజు వాడు రంగు డబ్బాకి మూత పెట్టకుండా దారికి అడ్డంగా వదిలేసి టీ తాగుతున్నాడు. నిచ్చెన దిగుతూ దిగుతూ మెడ వెనక్కి తిప్పి తిట్టడం మొదలుపెట్టాను. తిట్టు సగంలో ఉండగా, నేలకి వచ్చేశాననుకుని కాలు గాల్లో పెట్టాను. ఒళ్ళంతా కుడి భుజం మీద పడింది. మిగతా సగం తిట్టు గొంతులోనే ఉండిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చెబుతున్నప్పుడు చెవిన పెట్టి ఉంటే ఎముకైనా దక్కేది.

నన్ను పనిలో అందరూ దారం అంటారు. బొద్దుగా ఉండే దాన్ని దారం అని పిలిస్తే కొత్తవాళ్ళు నవ్వుతారు. ఆ పేరు ఒంటిని చూసి పెట్టింది కాదు. గోడ రంగూ సీలింగు రంగూ కలిసేచోట ఒక గీత వస్తుంది చూశారా, దాన్ని చూసి పెట్టింది. ఆ గీత తిన్నగా లేకపోతే ఎంత మంచి రంగు వేసినా గది మొహం వంకరగానే ఉంటుంది. ఇప్పుడందరూ సీలింగుకి టేపు అంటించి, రంగు వేసి, టేపు పీకేస్తున్నారు. నేను టేపు ముట్టను. ఏటవాలుగా కత్తిరించిన బ్రష్షొకటి పట్టుకుని, చెయ్యి పైకెత్తి, ఊపిరి బిగబట్టి లాగుతాను.

నాకు పని నేర్పిన పెద్ద మేస్త్రీ ఒక పద్ధతి పెట్టాడు. గీత పూర్తయ్యాక ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు నిలబడి, గీత మీదుగా దారం బిగించి పట్టుకోవాలి. మూడో మనిషి ఆ పొడుగునా చూసుకుంటూ నడవాలి. గీత ఎక్కడైనా దారం పక్కనుంచి తొంగిచూసిందా, ఆ గోడ మళ్ళీ మొదటి నుంచి వెయ్యాలి. నా మొదటి గీతకి ఆయనే నడిచాడు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఏమీ అనకుండా ఆ దారాన్ని ఉండ చుట్టి నా చేతిలో పెట్టాడు. అదిప్పటికీ నా పనిసంచిలోనే ఉంది. గీత మణికట్టులోంచి రాదు, భుజంలోంచి వస్తుందని ఆయన అంటుండేవాడు. మణికట్టుతో గీస్తే జానెడుకో వంకర వస్తుందట.

ఆ భుజమే ఇప్పుడు విరిగింది.

ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఆరు వారాలు చెయ్యి మెడకి కట్టేసి కూర్చోబెట్టారు. పడుకుంటే ఎముక మీద ఎవరో కూర్చున్నట్టుండేది కాబట్టి కుర్చీలోనే నిద్ర. ఎడంచేత్తో పళ్ళు తోముకుంటే బ్రష్షు ముక్కులోకి వెళ్ళేది. మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. కంట్లో భూతద్దం బిగించుకుని ఆవగింజలంత చక్రాలతో కాపురం చేసే మనిషి. నా జడ వెయ్యడం ఆయన మీద పడింది. గడియారం స్ప్రింగు చుట్టినంత శ్రద్ధగా, అంత బిగువుగా వేసేవారు. కనుబొమ్మలు నుదుటి మీదికి లేచిపోయేవి. ఆ ఆరు వారాలూ నన్ను చూసినవాళ్ళందరూ నేను దేనికో ఆశ్చర్యపోతున్నానని అనుకుని ఉంటారు.

కట్టు విప్పితే చెయ్యి వస్తుందనుకున్నాను. విప్పారు, రాలేదు. తుప్పు పట్టిన తలుపు బందులా భుజం బిగుసుకుపోయింది. చెయ్యి ముందుకి ఎత్తితే నడుము దాటి కొంచెం పైకి లేచి అక్కడే ఆగిపోయింది. మిగతా దారి అంతా నొప్పి.

నా చేత కసరత్తులు చేయించడానికి ఆసుపత్రిలో ఒక చిన్న డాక్టరమ్మ ఉంది. మా అమ్మాయంటూ ఉంటే ఆ ఈడుదే అయ్యేది. ప్రతి కసరత్తుకీ చెయ్యి ఎత్తించి, పదిదాకా అలాగే పట్టుకోమని లెక్కపెట్టేది. ఆవిడ ఏడుకీ ఎనిమిదికీ మధ్య టీ కాచుకోవచ్చు. అందుకని నేను ఆవిడకి పదిదాకా అని పేరు పెట్టాను. ఆవిడ ఎదురుగానే అలా పిలిచినా ఏమీ అనుకునేది కాదు, కాకపోతే ఆ రోజు ఇంకా నెమ్మదిగా లెక్కపెట్టేది.

ఇంట్లో చెయ్యడానికి ఇచ్చిన కసరత్తు వింటే నవ్వొస్తుంది. గోడకి ఎదురుగా నిలబడాలి. చేతివేళ్ళని బల్లిలా గోడ మీద పైకి పాకించాలి. నొప్పి దాకా వెళ్ళాలి, అక్కడ పది లెక్కపెట్టాలి, దించాలి. ముప్ఫై ఏళ్ళు గోడల మీద బతికినదానికి మందు కూడా గోడేనట.

మా ముందుగదిలో స్విచ్‌బోర్డు పక్కన ఖాళీ గోడ ఉంది. పదకొండేళ్ళ కిందటి రంగు, పెచ్చులూడిపోయి గరుగ్గా ఉండేది. ఊళ్ళో అందరి గోడలకీ రంగులు వేసేదాన్ని, నా గోడకి వెయ్యడానికి ఎప్పుడూ తీరలేదు. రోజూ పొద్దున్న ఆ గోడ మీద నా వేళ్ళు పాకేవి. ఎక్కడ ఆగితే అక్కడ, మధ్యవేలి చివరన, మా ఆయన సన్నటి పెన్సిలుతో గీత గీసి తేదీ వేసేవారు. మొదటి రోజు గీత కుర్చీ వీపు ఎత్తులో ఉంది. రెండో రోజుది దానికి బియ్యపు గింజంత పైన. అలా గింజ మీద గింజగా గీతలు గోడెక్కాయి. కొన్ని రోజులు చెమటలు పట్టి, పళ్ళు కొరుక్కుని, ఎదురుగా ఉన్న మా ఆయన్ని తిట్టి, ఆ గింజ సంపాదించేదాన్ని. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు నొప్పి భుజానిది, తిట్లు ఆయనవి. ఆయన తిట్లన్నీ వినేసి, పెన్సిలు చెక్కుకుని, తేదీ వేసేవారు.

ఇదంతా మా వాళ్ళకి చెప్పలేదు. మా వాళ్ళంటే పొడుగూ, నున్నటి తలతో రంగులు కలిపే గుండూ. వాళ్ళు చూడటానికి వస్తే చెయ్యి కుర్చీ చేతి మీద దర్జాగా పెట్టుకుని కూర్చునేదాన్ని. చెయ్యి బ్రహ్మాండంగా లేస్తోందని, డాక్టర్లే వదలడం లేదని చెప్పేదాన్ని. నిచ్చెన రెండో మెట్టు మీంచి పడ్డానన్న పరువుతక్కువ చాలదా, చెయ్యి భుజం దాకా కూడా లేవడం లేదని కూడా చెప్పుకోవాలా?

అప్పుడే మాకు పనులిచ్చే కాంట్రాక్టరు వచ్చాడు. ఊళ్ళో పాత లైబ్రరీ ఉంది. అందులో చదువుకునే పెద్ద హాలుకి రంగులు వెయ్యాలి. అక్కడి సీలింగు పాతకాలపు సున్నంది, గరుకు. టేపు సరిగ్గా అంటదు, దాని కిందనుంచి రంగు పాకిపోయి అంచంతా ఈగ కాళ్ళు వచ్చినట్టవుతుంది. అందుకే నేను కావాలన్నాడు. రెండు నెలల టైముంది. కానీ మాట దాచలేదు.

"గీత నువ్వు గీస్తానంటే పని మీ జట్టుదే, మేస్త్రమ్మా. నీ వల్ల కాకపోతే టేపు మేస్త్రీని పిలుస్తాను. మీవాళ్ళిద్దరూ ఆయన కింద చేస్తారు. తప్పుగా అనుకోకు."

గీస్తానని చెప్పేశాను. ఆయన వెళ్ళాక మా ఆయన నా వంక చూశారు. ఆ రోజు గీత స్విచ్‌బోర్డుకి ఇంకా బెత్తెడు కింద ఉంది. సీలింగు గీతకి చెయ్యి తల దాటి పూర్తిగా పైకి లేవాలి. లేచి ఊరుకుంటే చాలదు, వణక్కుండా నిలబడాలి. అది జరక్కపోతే నేనెవరిని? రోలరు పట్టుకుని గోడ మధ్యలో అటూ ఇటూ దొర్లించే మనిషిని. ఆ పని తక్కువని కాదు. కానీ నన్ను దారం అని పిలిచిన ప్రతిసారీ నాకు ఏడుపొస్తుందని నాకు తెలుసు.

గీతలు ఎక్కి ఎక్కి స్విచ్‌బోర్డు పై అంచు దాకా వచ్చాయి. అక్కడ ఆగిపోయాయి. ఒకరోజు, రెండు రోజులు కాదు, పదకొండు రోజులు. ఒకే చోట పదకొండు గీతలు ఒకదాని మీద ఒకటి పడి అక్కడ నల్లగా మచ్చ కట్టింది. తేదీ వెయ్యడానికి చోటు లేక మా ఆయన పక్కన చిన్న చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు. వేళ్ళు ఆ మచ్చ దగ్గరికి వెళ్ళడం, ఆగడం, దిగడం. కాంట్రాక్టరు ఇచ్చిన గడువులో సగానికి పైగా గడిచిపోయింది.

పన్నెండో రోజు పదిదాకా దగ్గరికి వెళ్ళాం. ఆ రోజు మా ఆయన దుకాణం మూసేసి నాతో వచ్చారు. ఆవిడ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, ఈ వారం కూడా ఇలాగే ఉంటే మత్తిచ్చి బలవంతంగా కదిలించాల్సి రావచ్చని, పెద్ద డాక్టరుతో మాట్లాడతానని చెప్పింది. అది అయ్యాక మళ్ళీ ఎన్ని వారాలు పడుతుందని అడిగాను. చెప్పింది. లైబ్రరీ పని దాటిపోతుంది. దారి పొడుగునా అడ్డొచ్చినవాళ్ళని ఒక్కళ్ళని కూడా తిట్టలేదు. నేను తిట్టకపోతే మా ఆయనకి భయం.

ఆసుపత్రి వరుసల్లోనే రోజంతా గడిచి, ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది, తలుపు తీసి ఉంది. లోపలి నుంచి కొత్త రంగు వాసన.

నేల మీద గుడ్డలు పరిచి ఉన్నాయి. సామానంతా మధ్యకి లాగి కప్పేసి ఉంది. ముందుగది నాలుగు గోడలూ మీగడ రంగులో తళతళలాడుతున్నాయి. గోడల మధ్యలో పొడుగూ గుండూ, పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చిన పిల్లల్లా నిలబడి ఉన్నారు. మీటరు పెట్టెలో తాళంచెవి ఉంటుందని వాళ్ళకి తెలుసు. నేను పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తానని తెలుసు. పదకొండేళ్ళుగా రంగు చూడని నా ఇంటిని, నేను కోలుకున్న సంతోషంలో, తిరిగొచ్చేలోపు వేసేద్దామని అనుకున్నారట. రెండో పూత అప్పుడే ముగించారు. స్విచ్‌బోర్డు ఉన్న గోడ అన్నిటికన్నా చివర వేశారు.

"ఇక్కడ గీతలుండాలి" అన్నాను.

పొడుగు గర్వంగా చెప్పాడు. "ఒక్కటి కూడా మిగల్లేదక్కా. గరుకు కాగితంతో రుద్దాం, గుంటల్లో లప్పం పెట్టి పూడ్చాం, మళ్ళీ రుద్దాం, ఆపైన రెండు పూతలు. పెన్సిలు గీత రంగు కింద దాక్కుని ఆర్నెల్లకి బయటికొస్తుందని నువ్వే కదా చెప్పింది."

చెప్పాను. గోడ మీద పాత గీత కనబడిందంటే పెయింటరు పరువు పోయినట్టేనని ఇద్దరికీ వెయ్యిసార్లు చెప్పాను. నా పాఠం నాకే అప్పజెప్పాడు.

ఆ తర్వాత నేను అన్న మాటలు ఇక్కడ రాయను. వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ఆగి చూశారని మాత్రం తర్వాత తెలిసింది. నా రెండున్నర నెలల ప్రాణం ఆ గోడ మీద ఉండేదని, దాన్ని గరుకు కాగితం పెట్టి రుద్దేశారని అరిచాను. పొడుగు మొహం గోడకన్నా తెల్లగా అయింది. గుండు మాత్రం నెమ్మదిగా, అవి అల్మారా కోసం వేసిన కొలతలనుకున్నామని, నా చెయ్యి బాగానే లేస్తోందని నేనే చెప్పాను కదా అని అడిగాడు.

నిజమే చెప్పాలి, ఇంక వేరే దారి లేదు.

"లేవడం లేదురా. అబద్ధం చెప్పాను. మొదటి రోజు ఇదిగో, ఇంతే లేచింది." ఎడంచేత్తో కుర్చీ వీపు ఎత్తు చూపించాను. "నెలకి ఇక్కడికి వచ్చింది. చచ్చీచెడీ ఇక్కడికి. నిన్నటికి, ఇదిగో, ఇక్కడ ఉండాలి గీత, ఇక్కడ!"

ఆ చివరి 'ఇక్కడ' అన్నప్పుడు గోడ మీద ఠపీమని చరిచాను. చరిచింది కుడిచేత్తో.

భుజంలో ఏదో పాత గుడ్డ చింపినట్టు పరపరమంది. కళ్ళు బైర్లు కమ్మాయి. అక్కడే, పరిచిన గుడ్డ మీద చతికిలబడి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఏడ్చాను. పడ్డ రోజు కూడా అంత ఏడవలేదు. ముప్ఫై ఏళ్ళలో తడి రంగు మీద చెయ్యి పెట్టిన ప్రతివాణ్ణీ నేను నిలబెట్టి కడిగేసేదాన్ని. ఇప్పుడు రెండో పూత మీద, అయిదు వేళ్ళూ అరచెయ్యీ పడి ఉంది, అది నాది. పొడుగు చెయ్యి అలవాటుకొద్దీ బ్రష్షు తీసుకుని మరక సరిచెయ్యడానికి దాని మీదికి వెళ్ళింది.

"ఆగు" అన్నారు మా ఆయన.

ఆయన గొంతు పెంచడం పొడుగు ఎప్పుడూ వినలేదు. నేనూ వినలేదు. బ్రష్షు గాల్లోనే ఆగింది. ఆయన గోడ దగ్గరికి వెళ్ళి, స్విచ్‌బోర్డు అంచు చూశారు, చేతి ముద్ర చూశారు. జేబులోంచి భూతద్దం తీసి కంట్లో పెట్టుకోబోయి, అక్కర్లేదనుకున్నారో ఏమో, మళ్ళీ జేబులో వేసుకున్నారు.

"నిన్నటి గీత బోర్డు పై అంచుకి సమానం. గీసింది నేను. ఇది జానెడు పైనుంది."

తల ఎత్తి చూశాను. నిజమే. మధ్యవేలి ముద్ర సంగతి అలా ఉంచండి, నా అరచెయ్యే బోర్డు దాటి ఉంది. పదకొండు రోజులు ఒక గింజ కూడా కదలని చెయ్యి ఒక్క తిట్టుతో జానెడు లేచింది. ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. నవ్వితే భుజం నొప్పి. నొప్పికి మళ్ళీ ఏడుపు. పొడుగు ఇంకా బ్రష్షు పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఆ ముద్ర మీద బ్రష్షు పెడితే ఈసారి విరిగేది వాడి చెయ్యి అని చెప్పాను. మీగడరంగు గోడ మీద ఆ ముద్ర ఇప్పటికీ ఉంది. ఆరాక దాని కింద మా ఆయన సన్నగా తేదీ వేశారు.

మర్నాడు పదిదాకా నన్ను అయిదు నిమిషాలు తిట్టింది. అప్పుడు మాత్రం లెక్కపెట్టకుండా గబగబా తిట్టింది. లోపల ఏదైనా తెగి ఉంటే ఇంక చెయ్యి మీద ఆశ వదులుకోవాల్సిందేనట, అదృష్టం బాగుందట. ఆ తర్వాత చెయ్యి ఎత్తి చూసింది, కొలిచింది, మళ్ళీ కొలిచింది. పక్కనున్న మా ఆయన్ని, ఇంట్లో గోడ మీద ఏం చేసేవాళ్ళమో మొదటి నుంచీ చెప్పమంది. గీతల సంగతి విని తల పట్టుకుంది.

"నేను నొప్పి దాకా వెళ్ళమన్నానమ్మా. మీరు గీత దాకా వెళ్ళి ఆగిపోతున్నారు."

అంతే. ముప్ఫై ఏళ్ళుగా నా పని అదే కదా. గీత దాకా వెళ్ళడం, దాన్ని దాటకుండా ఆగడం. దాటితే గోడ పాడవుతుంది. ఎదురుగా గీత కనబడితే నా చెయ్యి తనంతట తనే ఆగిపోతుంది, నన్ను అడగదు. నిన్నటి గీత దగ్గరికి రాగానే భుజం కంటే ముందు వేళ్ళు ఆగేవి. నేను దాన్ని నొప్పి అనుకున్నాను. ఇన్నాళ్ళూ నాకు అడ్డం పడింది నా పనితనమేనన్నమాట. ఇంక గోడ మీద గీతలు వద్దని, మత్తు సంగతి కూడా ఇప్పట్లో వద్దని చెప్పి పంపింది.

ఇక్కడి నుంచి చెయ్యి జెండాలా ఎగిరిందని చెప్పను. మూడు రోజులు భుజం వాచి కుండలా అయింది, సంపాదించిన జానెడులో సగం పోయింది. కానీ దిగులు పడలేదు. ఒకసారి వెళ్ళిన దారి చెయ్యికి తెలుసు. వాపు తగ్గాక మళ్ళీ మొదలుపెట్టాను. మా వాళ్ళు వేసిన రంగు వల్ల ఒక మేలు కూడా జరిగింది. పాత గోడ పెచ్చులకి వేళ్ళు తట్టుకునేవి, కొత్త గోడ నున్నగా ఉంది. అరచేతి కింద మడిచిన గుడ్డ పెట్టుకుని పైకి జరిపితే చెయ్యి జారుకుంటూ వెళ్ళేది. రోజూ పొద్దున్న పొడుగూ గుండూ వచ్చేవాళ్ళు. టీ కోసమని వంక. పొడుగు లెక్కపెట్టేవాడు, నన్ను ఆపాలనిపించక ఏడు తర్వాత మళ్ళీ అయిదుకి వెళ్ళేవాడు. గుండు నా మొహం చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయేవాడు. మా ఆయన పెన్సిలు జేబులో పెట్టుకుని, చేతిగడియారం చూస్తూ నిలబడేవారు. గీతలు పోయాయి కాబట్టి ఇప్పుడు ఆయన క్షణాలు లెక్కపెట్టేవారు. పదిహేను క్షణాలు. ఇరవై. ఒకరోజు ఇరవై ఆరు.

లైబ్రరీ పని మొదలైన రోజుకి నా చెయ్యి తల దాటి నిటారుగా లేచేది. ఎంతసేపు నిలబడుతుందో మాత్రం నాకు తెలియదు.

హాలు ఖాళీ చేశారు. బల్లలన్నీ ఒక మూలకి చేర్చారు. నలభై అడుగుల గోడ వెంట పరంజా కట్టారు. కాంట్రాక్టరు ఎందుకైనా మంచిదని టేపు మేస్త్రీని కూడా రప్పించాడు. ఆయన టేపు చుట్టని గాజులా చేతికి వేసుకుని కింద నిలబడ్డాడు. మంచివాడే, నన్ను చూసి నమస్కారం పెట్టాడు. పదిదాకా ఆ రోజు సెలవు పెట్టి వచ్చింది. పది నిమిషాలు పని, పది నిమిషాలు విశ్రాంతి, అలా అయితేనే ఒప్పుకుంటానని ముందే షరతు పెట్టింది. మా ఆయన దుకాణం మూసేశారు.

నిచ్చెన ఎక్కాను. నిజం చెబుతున్నాను, పైన ఎంత ఎత్తుందో చూస్తే భయం వెయ్యలేదు. రెండో మెట్టు దగ్గర వేసింది. కాళ్ళు అక్కడ కాసేపు ఆగాయి. కింద పొడుగు ఊపిరి తీసుకోవడం కూడా మానేశాడు. అన్ని డబ్బాలకీ మూతలు పెట్టాడా అని అడిగాను. పెట్టానన్నాడు. మూడో మెట్టు ఎక్కాను.

బ్రష్షు రంగులో ముంచి, అంచుకి రాసి, చెయ్యి ఎత్తాను. భుజం గుర్తుపట్టింది. మొదటి మూరెడు వణికింది, రెండో మూరెడు నుంచి వణుకు తగ్గింది. ఇదివరకు నలభై అడుగులు రెండు విడతల్లో లాగేసేదాన్ని. ఇప్పుడు మూడడుగులకి ఒకసారి చెయ్యి దించాల్సి వచ్చింది. ఆపిన చోట అతుకు కనబడకూడదు, అందుకని తడి ఆరకముందే కాస్త వెనక నుంచి అందుకోవడం ఇంట్లోనే, చేతి ముద్రకి దూరంగా, పాత చెక్క మీద నేర్చుకున్నాను. యాభై దాటాక చెయ్యికి కొత్త విద్య నేర్పబోతే ఎడ్డెమంటే తెడ్డెమంటుంది. అయినా నేర్చుకుంది. పదిదాకా కింద నుంచి టైము చెప్పడం, నేను దిగడం, ఆవిడ భుజానికి మంచుగడ్డ పెట్టడం, మళ్ళీ ఎక్కడం. మధ్యాహ్నం అయ్యేసరికి ఇంకా పదడుగులు ఉంది. అప్పటికి చెయ్యి సీసం పోసినట్టుంది.

టేపు మేస్త్రీ, మిగిలింది తను పూర్తిచెయ్యనా అని మర్యాదగానే అడిగాడు. బ్రష్షు మళ్ళీ రంగులో ముంచాను. నోరు తెరిస్తే తిడతానని భయం, తిడితే ఏమవుతుందో నాకు తెలుసు. మిగిలిన పదడుగులూ నోరు మూసుకుని లాగాను. చివరి అంగుళం గోడ మూలలో కలిసింది. బ్రష్షు గుండుకి అందించి, పనిసంచిలోంచి దారం ఉండ తీశాను.

ఆ చివర గుండు పట్టుకున్నాడు. ఈ చివర నేను. గీత మీదుగా బిగించాం. పొడుగు పరంజా మీద నడవడం మొదలుపెట్టాడు. వాడికి ఎత్తు కలిసొచ్చింది, కళ్ళు సరిగ్గా దారం దగ్గరికి వస్తాయి. అడుగు తీసి అడుగు వేస్తూ, ముక్కు గోడకి ఆనించినంత దగ్గరగా చూసుకుంటూ వెళ్ళాడు. నా నుంచి గుండు దాకా. గుండు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, మళ్ళీ నా దాకా. పెద్ద మేస్త్రీ నడిచినట్టే. కింద కాంట్రాక్టరు మెడ నొప్పెట్టేలా పైకే చూస్తున్నాడు. టేపు మేస్త్రీ చేతికున్న చుట్ట తీసి జేబులో వేసుకున్నాడు.

పొడుగు నా ముందు నిలబడ్డాడు. వాడి కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఎక్కడా కనబడలేదక్కా. దారమే ఉంది." నా చెయ్యి వంక చూసి, నెమ్మదిగా అన్నాడు. "ఇంక చెయ్యి దించక్కా."

అప్పుడు చూసుకున్నాను. నా కుడిచెయ్యి తల మీదుగా, సీలింగు దాకా, దారం పట్టుకుని నిటారుగా ఉంది. వాడు అటు వెళ్ళినంతసేపూ, ఇటు వచ్చినంతసేపూ అలాగే ఉంది. నొప్పి ఉందో లేదో కూడా నేను చూసుకోలేదు. కిందికి వంగి, ఎంతసేపయిందని మా ఆయన్ని అడిగాను.

ఆయన చేతిగడియారం వంక చూసి, నా వంక చూశారు. జీవితమంతా క్షణాలతో బతికిన మనిషి.

"చూడలేదు" అన్నారు. "గీతనే చూస్తున్నాను."

పదిదాకా కూడా లెక్కపెట్టలేదట. గుండు అవతలి నుంచి తన చెయ్యి లాగుతోందని, దారం వదలమంటావా అని అడిగాడు. ఇంకాసేపు పట్టుకోమన్నాను.